ఇంటి కంప్యూటరుకు కావలి

మనిషి ఇల్లు కట్టుకొన్ననాడే గడప కట్టుకొన్నాడు. గడపకు తలుపు, తలుపుకు గడియ, గడియకు తాళం ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. పంటచేనికి కంచె వేసి, మంచె కట్టి, రాత్రివేళ మేలుకొని కావలి కాయడం మన పల్లెలలో అనాదిగా ఉన్న ఆచారం. సంపద ఉన్నచోట కావలి ఉండడం లోకసహజం. అయితే కాలంతోపాటు సంపద రూపం మారుతూ ఉంటుంది. రూపం మారినప్పుడు కావలి తీరు కూడా మారవలసి ఉంటుంది.

నేడు ఒక మధ్యతరగతి కుటుంబంలో బీరువాలో దాచిన వస్తువులకంటె విలువైనవి కొన్ని బల్లమీది కంప్యూటరులో ఉంటున్నాయి. తండ్రి బ్యాంకు ఖాతాకు సంబంధించిన పాస్‌వర్డు, తల్లి ఆధార్ కార్డు ప్రతి, పిల్లల మార్కుల జాబితాలు, ఇంటి దస్తావేజుల నకళ్ళు అందులోనే ఉంటాయి. గతించిన తాతగారి ఛాయాచిత్రాలు, ఆయన గొంతు వినిపించే రికార్డింగులు కూడా అందులోనే ఉంటాయి. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. నకలు పోతే కార్యాలయానికి వెళ్ళి మరొకటి తెచ్చుకోవచ్చు. తాతగారి గొంతును మాత్రం ఏ కార్యాలయమూ తిరిగి ఇవ్వలేదు. ఇంతటి సంపద ఉన్న పెట్టెకు మన ఇళ్ళలో ఎటువంటి కావలి ఉన్నదో ఒకసారి ఆలోచించాలి.

ఇంటి కంప్యూటరుకు వైద్యుడు ఒక్కడే చాలడు, కావలివాడు కూడా కావాలి. ఇది ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మొదటి మాట. కావలివాడు అడిగే ప్రశ్నను చదివి, ఆలోచించి బదులు చెప్పగల గృహస్థుడు లేకపోతే ఆ కావలి వ్యర్థం. ఇది రెండవ మాట. సాహిత్యం బోధించే అధ్యాపకునికి ఈ విషయంతో పనేమిటని అడిగేవారు ఉండవచ్చు. ఎదుటనున్న వాక్యాన్ని చదవడం, దాని భావాన్ని గ్రహించడం, గ్రహించినదాన్నిబట్టి నిర్ణయించడం భాషాభ్యాసంలోని అంశాలే. కంప్యూటరు భద్రత చివరికి ఈ మూడింటిపైనే ఆధారపడుతున్నది కాబట్టి పని ఉన్నదనే నేను భావిస్తున్నాను.

మనకు తెలియకుండా కంప్యూటరులో ప్రవేశించి, మనకు ఇష్టంలేని పని చేసే ప్రోగ్రాములన్నింటినీ కలిపి మాల్‌వేర్ అంటారు. ఇందులో తెగలు అనేకం. మరొక ప్రోగ్రామును ఆశ్రయించి, దానితోపాటు వ్యాపించేది వైరస్. ఎవరి ఆసరా లేకుండా ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి తనంతట తానే పాకిపోయేది వర్మ్, అంటే పురుగు. మేలు చేసే ప్రోగ్రాము వేషం ధరించి లోపలికి వచ్చేది ట్రోజన్. గ్రీకులు కొయ్యగుర్రంలో దాగి ట్రాయ్ నగరంలో ప్రవేశించిన కథనుబట్టి దానికి ఆ పేరు వచ్చింది. మన మీటల చప్పుళ్ళను సైతం లెక్కించి ఇతరులకు చేరవేసేది స్పైవేర్. మన ఫైళ్ళకు మనమే తెరవలేని తాళం వేసి, తాళంచెవికి వెల అడిగేది రాన్సమ్‌వేర్.

ఈ ప్రోగ్రాముల చరిత్ర వినోదంతో ప్రారంభమైంది. 1982లో అమెరికాలో రిచ్ స్క్రెంటా అనే పదిహేనేళ్ళ విద్యార్థి స్నేహితులను ఆటపట్టించడానికి ఆపిల్ కంప్యూటరుకు ‘ఎల్క్ క్లోనర్’ అనే వైరస్‌ను రాశాడు. 1986లో లాహోరుకు చెందిన ఇద్దరు సోదరుల చేతిలో రూపొందిన ‘బ్రెయిన్’ వైరస్ ఐబీఎం తరహా కంప్యూటర్లలో ఫ్లాపీల ద్వారా దేశదేశాలకు పాకింది. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే పరిశోధక విద్యార్థి వదిలిన వర్మ్ నాటి ఇంటర్నెట్టులో వేలాది యంత్రాలను స్తంభింపజేసింది. వీరిలో ఎవరికీ ఇతరుల సొమ్ము కాజేయాలనే ఉద్దేశం లేదు. తరువాతి కాలంలో పరిస్థితి మారింది. నేడు మాల్‌వేర్ రచన ఒక వ్యాపారం. రాసేవారు వేరు, అద్దెకు ఇచ్చేవారు వేరు, దోచిన సొమ్మును దాటించేవారు వేరు. ఆకతాయి పిల్లవాడు గోడమీద గీసిన గీతకు, కన్నం వేసే దొంగ గోడకు పెట్టిన గుర్తుకు ఎంత భేదముందో ఈ రెండు దశలకు అంత భేదముంది.

ఈ ఉపద్రవానికి లోకం మొదట కనుగొన్న ఉపాయం యాంటీవైరస్. దీని పద్ధతి పోలీసు ఠాణాలో వేలాడే నేరస్థుల పటాల వంటిది. పట్టుబడిన ప్రతి మాల్‌వేర్ నుంచి కొన్ని ఆనవాళ్ళు సేకరించి జాబితాగా కూరుస్తారు. కంప్యూటరులోకి వచ్చే ప్రతి ఫైలునూ ఆ జాబితాతో పోల్చి చూస్తారు. ఆనవాలు కలిస్తే పట్టుకొంటారు, కలవకపోతే విడిచిపెడతారు. ఇది మంచి పద్ధతే గాని దీనికొక సహజమైన పరిమితి ఉంది. ఇంతకుముందు ఎక్కడా నేరం చేయని దొంగ పటం ఏ ఠాణాలోనూ ఉండదు. పాత దొంగ సైతం మీసం తీసివేసి, తలపాగా చుట్టుకొని వస్తే పటంతో పోల్చడం కష్టమవుతుంది. యాంటీవైరస్ సంస్థలు ఈ లోపాన్ని గ్రహించి తరువాత తమ పద్ధతులను ఎంతో మెరుగుపరచుకొన్నాయి. అయినా మూలసమస్య పూర్తిగా తీరలేదు, తీరదు కూడా. వైరస్‌లపై తొలి శాస్త్రీయ పరిశోధన చేసిన ఫ్రెడ్ కోహెన్ 1980ల మధ్యకాలంలోనే ఒక విషయం నిరూపించాడు. ఏ ప్రోగ్రాము వైరసో, ఏది కాదో పొరపాటన్నది లేకుండా అన్ని సందర్భాలలోనూ చెప్పగల ప్రోగ్రామును రాయడం అసాధ్యమన్నదే ఆ విషయం.

వేగం మరొక సమస్య. 2003 జనవరి 25న వెలువడిన ‘స్లామర్’ అనే వర్మ్ మొదటి క్షణాలలో ప్రతి ఎనిమిదిన్నర సెకన్లకు రెట్టింపైంది. దానికి లొంగగల యంత్రాలలో 90 శాతాన్ని పది నిమిషాలలో అది ఆక్రమించింది. దొంగ పటం గీసి ఊరూరికీ పంపేలోపల దొంగతనం ముగిసిపోయింది. రోగం వచ్చిన తరువాత మందు వెదకడం కంటె రోగాన్ని గడప దాటనీయకపోవడం మేలని అటువంటి అనుభవాలు లోకానికి నేర్పాయి.

ఈ ఆలోచనకు బీజాలు అంతకు ముందే పడ్డాయి. 1980లో జేమ్స్ ఆండర్సన్ అనే నిపుణుడు, కంప్యూటరులో జరిగే పనుల దినచర్యను పరిశీలిస్తే చొరబాటుదారులను గుర్తించవచ్చునని ఒక నివేదికలో సూచించాడు. డొరతీ డెన్నింగ్ అనే విదుషీమణి 1987లో ప్రకటించిన వ్యాసంలో ఆ సూచనకు శాస్త్రరూపం కల్పించింది. వచ్చినవాడి ముఖాన్ని కాక వాడి నడవడిని గమనించాలన్నది ఈ మార్గంలోని సారాంశం. మొదట ఇటువంటి వ్యవస్థలు చొరబాటును కనిపెట్టి హెచ్చరించేవి. తరువాతి తరం వ్యవస్థలు హెచ్చరించడంతో ఆగక అడ్డుకోవడం కూడా నేర్చుకొన్నాయి. వీటినే చొరబాటు నిరోధక వ్యవస్థలు అంటున్నాము. కొన్ని నెట్‌వర్కు ముఖద్వారంలో నిలిచి రాకపోకలను పరీక్షిస్తాయి. మరికొన్ని కంప్యూటరు లోపలనే ఉండి ప్రతి ప్రోగ్రాము చేసే పనినీ కనిపెడుతూ ఉంటాయి. ఇంటి కంప్యూటరు విషయంలో మనకు ముఖ్యమైనవి ఈ రెండవ తరగతికి చెందినవి.

ఇవి పనిచేసే తీరును ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. మీకు ఎవరో ఒక పత్రాన్ని ఈమెయిల్‌లో పంపారనుకొందాం. దానిని తెరిస్తే అక్షరాలు కనిపించాలి. పత్రం చేయవలసిన పని అంతే. అలాకాక ఆ పత్రం తెరుచుకోగానే మరొక ప్రోగ్రామును మేల్కొలిపి, దానిచేత ఇంటర్నెట్టు నుంచి ఇంకొక ఫైలును దింపించి, కంప్యూటరు ప్రారంభమైనప్పుడల్లా ఆ ఫైలు తనంతట తానే నడిచేటట్లు ఏర్పాటు చేయబోయింది. ఆ ఫైలు ఆనవాలు ఏ జాబితాలోనూ లేకపోవచ్చు. కాని ఉత్తరం తెచ్చిన జవాను వంటింట్లోకి వెళ్ళి బీరువా తాళాలు వెదుకుతుంటే వాడెవడో తెలియకపోయినా వాడి ఉద్దేశం తెలుస్తుంది. చొరబాటు నిరోధక సాఫ్ట్‌వేరు ఆ క్షణంలో ఆ పనిని నిలిపి, ‘ఈ ప్రోగ్రాము ఈ పని చేయబోతున్నది, అనుమతించమంటారా, అడ్డుకోమంటారా?’ అని మనలను అడుగుతుంది. కొన్ని సందర్భాలలో అడగకుండానే అడ్డుకొంటుంది.

2000వ దశకంలో విండోస్ ఎక్స్‌పీ వాడిన ఇళ్ళలో ఈ రకమైన సాఫ్ట్‌వేరును ఆసక్తి గలవారు విడిగా తెచ్చి అమర్చుకొనేవారు. కొమోడో వంటి సంస్థలు ఉచితంగా కూడా అందించాయి. 2004లో ఎక్స్‌పీకి వచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్‌తో ఫైర్‌వాల్ తనంతట తానే పనిచేయడం ప్రారంభించింది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి యాంటీవైరస్ ఆపరేటింగ్ వ్యవస్థలోనే భాగమైంది. 2017లో విండోస్ 10కు చేర్చిన రక్షణలలో, మనం పేర్కొన్న ఫోల్డర్లలోని ఫైళ్ళను అపరిచిత ప్రోగ్రాములు మార్చకుండా అడ్డుకొనే ఏర్పాటు ఒకటి ఉంది. రాన్సమ్‌వేర్‌కు ఇది మంచి విరుగుడు. అయితే దానిని మనమే ఎంచుకొని పనిచేయించవలసి ఉంటుంది. అనగా కావలివాడు నేడు చాలా ఇళ్ళలో ఇప్పటికే ఉన్నాడు. కొన్ని ఇళ్ళలో అతడు నిద్రపోతున్నాడు, మరికొన్ని ఇళ్ళలో గృహస్థులే అతడిని నిద్రపుచ్చుతున్నారు.

ఇక్కడ నాకు భారతం ఆదిపర్వంలోని పరీక్షిత్తు వృత్తాంతం జ్ఞాపకం వస్తున్నది. ఏడు దినాలలో తక్షకుని విషాగ్నికి ఆహుతి కాగలవని మునికుమారుడు శపించినప్పుడు ఆ రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొన్నాడు. చుట్టూ రక్షకులను, విషవైద్యులను, మంత్రవేత్తలను నిలిపాడు. అనుమతి లేకుండా ఎవరూ లోపలికి రాలేని కట్టడి చేశాడు. కాని ఏడవనాడు నాగకుమారులు బ్రాహ్మణవేషంలో పండ్లు తెచ్చారు. రాజు వాటిని స్వీకరించాడు. ఒక పండులో ఉన్న చిన్న పురుగే తక్షకుడైంది. కట్టడి అంతటినీ తక్షకుడు ఛేదించలేదు. రాజు అనుమతితోనే లోపలికి వచ్చాడు. ఈ కథలోని పురుగుకు, నేటి వర్మ్‌కు పేరులో ఉన్న పోలిక యాదృచ్ఛికం కావచ్చు గాని ప్రవేశించిన తీరులో ఉన్న పోలికను మాత్రం తేలికగా తీసివేయలేము. గోడ ఎంత ఎత్తయినా, లోపలివాడు తలుపు తీస్తే గోడ చేయగలిగినది ఏమీ లేదు.

చొరబాటు నిరోధక సాఫ్ట్‌వేరుపై వచ్చే మొదటి ఆక్షేపణ ఇక్కడినుంచే పుడుతుంది. అది పదేపదే ప్రశ్నలు అడిగి విసిగిస్తుందని, విసిగినవాడు చదవకుండానే ‘అవును’ అని నొక్కుతాడని, అటువంటి కావలివల్ల ప్రయోజనం లేదని కొందరి వాదం. ఇందులో సత్యం ఉంది. 2007లో విండోస్ విస్టా ప్రతి చిన్న పనికీ అనుమతి కోరినప్పుడు వాడకందారులు విసిగిపోయారు. 2009లో వచ్చిన విండోస్ 7లో ఆ ప్రశ్నలను తగ్గించవలసి వచ్చింది. 1975లోనే సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు భద్రతా వ్యవస్థల నిర్మాణసూత్రాలను చెబుతూ, రక్షణ ఉపాయం మనిషి సులువుగా, అలవాటుగా వాడగలిగినదై ఉండాలని నిర్దేశించారు. కాబట్టి అయినదానికీ కానిదానికీ అరిచే కుక్కను ఇంట్లో ఉంచుకోవడం నాకూ సమ్మతం కాదు. అరుదుగా అడిగి, అడిగినప్పుడు స్పష్టంగా అడిగేదే మంచి కావలి. కాని కుక్క ఎక్కువగా అరుస్తున్నదని దొంగ వచ్చిన రాత్రి కూడా దాని నోరు కట్టివేయడం వివేకం అనిపించుకోదు.

అంతకంటె లోతైన సమస్య మరొకటి ఉంది. దానిని గురించి నిపుణులకంటె భాషాధ్యాపకులే ఎక్కువగా మాట్లాడవలసి ఉంటుంది. ఈ ప్రశ్నలు మన ఇళ్ళలో ఏ భాషలో వినిపిస్తున్నాయి? చాలా కంప్యూటర్లలో ఆంగ్లంలో, అందులోనూ పారిభాషిక పదాలతో నిండిన ఆంగ్లంలో కనిపిస్తున్నాయి. ఇంట్లో ఆంగ్లం రాని తల్లి విద్యుత్తు బిల్లు చెల్లించబోతుండగా తెరమీద ఒక పెట్టె తటాలున ప్రత్యక్షమవుతుంది. అందులో ఏమున్నదో ఆమెకు తెలియదు. రెండు బొత్తాములలో ఏది నొక్కితే ఆ పెట్టె తొలగి తన పని ముందుకు సాగుతుందో అది మాత్రమే ఆమె అనుభవంవల్ల నేర్చుకొన్నది. ఆమె ఇచ్చినది అనుమతి అని కంప్యూటరు నమోదు చేసుకొంటుంది. అర్థంకాని భాషలో రాసిన పత్రంమీద వేలిముద్ర వేయించుకొనడానికి, దీనికి భేదమేమిటి? అర్థం చేసుకొనే అవకాశం లేనిచోట అనుమతి అన్న మాటకు విలువ లేదు. విండోస్‌ను తెలుగులో కనిపించేటట్లు అమర్చుకొనే సదుపాయం చాలాకాలంగా ఉంది. దానిని వాడేవారు మన ఇళ్ళలో అరుదు. తెలుగు వచ్చినవారు ఇంట్లో ఉన్నప్పుడు తెలుగు కనిపించేటట్లు చేయడం భద్రతలో ఒక భాగమని నా అభిప్రాయం. హెచ్చరికలను పండితులకు మాత్రమే గాక సామాన్యులకు కూడా అర్థమయ్యే తెలుగులో రాయించడం ఆ సాఫ్ట్‌వేరు చేసే సంస్థల బాధ్యత.

ప్రశ్న ఏ భాషలో ఉన్నా, దానికి బదులు చెప్పే ముందు మనలను మనం మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పనిని నేను ప్రారంభించానా? ఈ ప్రోగ్రాము ఎక్కడినుంచి వచ్చింది? అది అడుగుతున్న అధికారం అది చేయవలసిన పనికి తగినదేనా? కొత్త ప్రింటరును అమర్చుతున్నప్పుడు కంప్యూటరు అనుమతి అడిగితే అది సహజం, ఆ పనిని మనమే ప్రారంభించాము. పాట వింటూ కూర్చున్నప్పుడు ఊరూ పేరూ లేని ప్రోగ్రాము ఒకటి వచ్చి వ్యవస్థను మార్చడానికి అనుమతి అడిగితే అది అసహజం. లెక్కలు చేసుకొనే ప్రోగ్రాముకు మన కెమెరాతో అవసరం ఉండదు. ఈ మూడు ప్రశ్నలకు కంప్యూటరు శాస్త్రం చదవనక్కరలేదు, కొంచెం నిదానం చాలు.

సందేహం తీరనప్పుడు అనుమతిని నిరాకరించడమే శ్రేయస్కరం. నిరాకరించినందువల్ల పని ఆగితే మళ్ళీ ప్రారంభించి అనుమతించవచ్చు. అనుమతించినందువల్ల కలిగిన నష్టాన్ని చాలాసార్లు వెనక్కు తీసుకోలేము. పైన చెప్పిన శాస్త్రజ్ఞులు బోధించిన సూత్రాలలో ఇదీ ఒకటి. తలుపు మూసి ఉండడమే నియమం కావాలి, తెరవడం కారణం ఉన్నప్పుడు జరగాలి. 2022లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఇంటర్నెట్టు నుంచి వచ్చిన పత్రాలలోని మాక్రోలను మొదటే నిలిపివేసే ఏర్పాటు చేయడం ఈ సూత్రానికి అనుగుణమైన చర్యే.

రెండవ ఆక్షేపణ, కావలివాడే హాని చేస్తే ఏమి చేయాలన్నది. ఇది ఊహామాత్రం కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేరుకు పంపిన ఒక లోపభూయిష్టమైన మార్పువల్ల ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాశ్రయాలలో ప్రయాణికులు పడిగాపులు పడ్డారు. అవి ప్రధానంగా సంస్థల కంప్యూటర్లే అయినా, దీనివల్ల ఇంటివారు గ్రహించవలసిన నీతి ఉంది. చొరబాటు నిరోధక సాఫ్ట్‌వేరుకు కంప్యూటరులో అత్యున్నతమైన అధికారం ఇస్తాము. అంతటి అధికారం పొందేవాడి పూర్వాపరాలు తెలుసుకొని మరీ నియమించుకోవాలి. ప్రకటనలలో కనిపించిన ప్రతి ఉచిత రక్షక ప్రోగ్రామునూ దింపుకోరాదు. ఒకే గడపవద్ద ఇద్దరు ముగ్గురు కావలివాళ్ళను నిలిపితే వారిలో వారికే తగవులు వచ్చి ఇల్లు గుల్లవుతుంది. ఒక్కరినే, నమ్మదగినవారిని, మెలకువగా ఉంచడం మంచిది.

కావలి ఒక్కటే సర్వరోగనివారిణి అని కూడా నేను అనను. 2017 మే 12న విజృంభించిన ‘వన్నాక్రై’ అనే రాన్సమ్‌వేర్ 150కి పైగా దేశాలలో లక్షల కంప్యూటర్లకు సోకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు చికిత్సలు వాయిదా వేసుకొన్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు సైతం దాని బారిన పడ్డాయి. అది ప్రవేశించిన రంధ్రాన్ని పూడ్చే మార్పును మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. అమర్చుకొన్నవారు బ్రతికిపోయారు. నలుని చేరడానికి కలి ఏళ్ళ తరబడి కాచుకొని ఉండి, ఒక్కనాడు కాళ్ళు కడుగుకోకుండా సంధ్య వార్చినప్పుడు ప్రవేశించాడని భారతం చెబుతున్నది. ఆపరేటింగ్ వ్యవస్థ కోరే మార్పులను ‘తరువాత’ అంటూ వాయిదా వేసేవారు ఈ కథను స్మరించుకోవాలి. గడువు తీరిన వ్యవస్థలను పట్టుకొని వేలాడడం ఇంకా ప్రమాదం. విండోస్ ఎక్స్‌పీకి 2014లోనూ, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తోనూ సాధారణ మద్దతు ముగిసింది. అటువంటి కంప్యూటరును ఇంటర్నెట్టుకు కలిపి ఉంచేవారు దానికి తగిన మార్గాంతరం ఆలోచించుకోక తప్పదు.

ఇంట్లో అందరూ ఒకే అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో కంప్యూటరు వాడడం మనవారిలో ఉన్న మరొక దురలవాటు. ఇంటికి వచ్చిన ప్రతివారికీ ఇనుపపెట్టె తాళంచెవి ఇవ్వము గదా! నిత్యం చదువుకోవడానికి, రాసుకోవడానికి సాధారణ ఖాతా చాలు. సాధారణ ఖాతాలో నడిచే మాల్‌వేర్‌కు కూడా అధికారం తక్కువగానే దక్కుతుంది. ముఖ్యమైన ఫైళ్ళకు ఒక నకలు తీసి, కంప్యూటరుకు తగిలించి ఉంచని వేరొక డిస్కులో భద్రపరచడం అన్నిటికంటె పాత ఉపాయం, అన్నిటికంటె నమ్మకమైన ఉపాయం. మన తాళపత్ర గ్రంథాలు వందల ఏళ్ళు నిలిచినది ఆకు గట్టిదనంవల్ల కాదు. ఒకచోట చెదలు తిన్నా మరొకచోట ప్రతి మిగిలి ఉండడంవల్లనే అవి మనదాకా వచ్చాయి.

ఇక యువతరానికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. వెల పెట్టి కొనవలసిన సాఫ్ట్‌వేరును, ఆటలను తాళం పగలగొట్టిన ప్రతులుగా ఉచితంగా దింపుకోవడం విద్యార్థులలో విరివిగా కనిపిస్తున్నది. ఆ ప్రతులతోపాటు వచ్చే సూచనలలో తరచుగా మొదట కనిపించేది, ‘ముందు మీ యాంటీవైరస్‌ను ఆపివేయండి’ అనే వాక్యం. ఒక అపరిచితుడు గడపలో నిలిచి, ‘నేను లోపలికి రావాలంటే మీ కావలివాడిని బయటికి పంపండి’ అంటే మనం పంపుతామా? పరీక్షిత్తు కథలోనే ఇంకొక ఘట్టం ఉంది. రాజును బ్రతికించగల శక్తిమంతుడైన కశ్యపుడు హస్తినకు వస్తుంటే తక్షకుడు దారిలోనే ఎదురై, కోరినంత ధనమిచ్చి వెనక్కు మళ్ళించాడు. వైద్యుడిని దారి మళ్ళించిన తరువాతనే తక్షకుడు పని ప్రారంభించాడు. ఆ కథలో వైద్యుడిని మళ్ళించినవాడు శత్రువు. మన కథలో ఆ పని మనమే చేస్తున్నాము, అదీ ఒక ఆట ఉచితంగా వస్తుందనే ఆశతో. పరుల శ్రమను దొంగిలించడం తప్పు అన్న ధర్మవిచారం ఒకవైపు ఉండనే ఉంది. లాభనష్టాల లెక్క చూసినా ఈ బేరం గిట్టేది కాదు. ధనం లేదన్న సాకు కూడా నిలవదు. లైనక్స్ వ్యవస్థలు, లిబ్రే ఆఫీస్ వంటి ప్రోగ్రాములు ధర్మబద్ధంగానే ఉచితంగా లభిస్తున్నాయి.

చేతిలోని ఫోను కూడా ఒక కంప్యూటరే అని మరువరాదు. 2024లో పెళ్ళి శుభలేఖల పేరిట వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్ళు పంపి, వాటిని తెరిచినవారి ఫోన్లను వశపరచుకొనే మోసాలను గురించి పోలీసులు ప్రజలను హెచ్చరించారు. శుభలేఖ చదవడానికి కొత్త ప్రోగ్రామును అమర్చుకోవలసిన అవసరం లేదు. అడిగే అధికారం పనికి తగినదేనా అన్న మూడవ ప్రశ్న వేసుకొన్నవారు ఈ ఉచ్చులో పడరు. ఫోనులో ఓటీపీ అడిగినవాడికి మనమే చదివి చెబితే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ అడ్డుకోలేదు. మోసం జరిగిందని తెలిసిన మరుక్షణమే జాతీయ సహాయ సంఖ్య 1930కి ఫోను చేయాలి. సిగ్గుపడి దాచిపెట్టేవారివల్ల దొంగకు వ్యవధి చిక్కుతుంది. మాల్‌వేర్‌ను తొలగించే ఉచిత సాధనాలను భారత ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా అందిస్తున్నది.

మన ఇళ్ళలో కంప్యూటరు విషయం వచ్చేసరికి పెద్దలు పిల్లల ముఖం చూస్తున్నారు. ‘ఇది నొక్కమంటావా నాయనా?’ అని తల్లి, ‘ఇదేమిటో చూడమ్మా’ అని తండ్రి అడుగుతున్నారు. పదహారేళ్ళ వయసులో ఇంటి సంపదకు ఇటువంటి కాపలాదారులు కావడం మీకు ముందరి తరాలకు దక్కని గౌరవం. ఆ గౌరవాన్ని నిలుపుకోవాలంటే, అడిగినప్పుడు విసుగుతో ‘ఏదో ఒకటి నొక్కు’ అనకూడదు. ప్రక్కన కూర్చుండి, ఆ పెట్టెలో ఏమి రాసి ఉన్నదో చదివి, తెలుగులో చెప్పి, ఎందుకు అవుననాలో, ఎందుకు కాదనాలో వివరించాలి. ఒకసారి వివరించిన విషయాన్ని తల్లి మరువదు, రెండవసారి ఆమే మీకు హెచ్చరిక చెప్పగలదు. ఈ విధంగా ఇంటిల్లిపాదీ ప్రశ్నను చదవడం నేర్చినప్పుడే చొరబాటు నిరోధక సాఫ్ట్‌వేరు తన పేరుకు తగిన పని చేయగలుగుతుంది.

ఇంటర్నెట్టులో ప్రమాదాలున్నవని దానికి దూరంగా ఉండమని నేను చెప్పడం లేదు. దొంగలున్నారని ఎవరూ ఇల్లు కట్టుకోవడం మానలేదు, చీడపురుగులున్నవని రైతు సేద్యం మానలేదు. విజ్ఞానం, వినోదం, స్నేహం ఆ తలుపు గుండానే మనకు వస్తున్నాయి. తలుపు తెరిచే హక్కు మనది. ఎవరికోసం తెరుస్తున్నామో చూసుకొనే బాధ్యత కూడా మనదే. మీ ఇంటి కంప్యూటరులో కావలి మేలుకొని ఉన్నదో లేదో ఈ రోజే చూడండి. ఈసారి అది ప్రశ్న అడిగినప్పుడు చేతిని మౌసుమీదినుంచి ఒక్క క్షణం తీసి, వాక్యాన్ని చివరిదాకా చదివి, తరువాత బదులు చెప్పండి.